అరుగుమీద ఇమిడిన అనంతశ్రేఢి

సికింద్రాబాదునుండి మేడ్చలునకు పోవు రైలుమార్గములో బొల్లారము దాటిన పిమ్మట గుండ్లపోచంపల్లి యను స్టేషను వచ్చును. ఊరి పేరులోనే గుండ్లున్నవి. ఆ ప్రాంతమున రాతికి కొదువ లేదు. ఇంటిముందు అరుగు కట్టి, దానిపై షాబాదుబండలు పఱచుట హైదరాబాదు పరిసరములలో చిరకాలపు వాడుక. ఆ యూరిలో ఒక గృహస్థు మేస్త్రీని పిలిచి వింతపని యొకటి చెప్పెననుకొందము.

"మేస్త్రీ! నాకు నలుచదరపు బండలు కావలెను. మొదటిబండ భుజము ఒక గజము. రెండవదాని భుజము అరగజము. మూడవదానిది గజములో మూడవవంతు; నాలుగవదానిది నాలుగవవంతు. ఇట్లే కోయుచు పోవలెను. ఎక్కడను ఆపరాదు."

మేస్త్రీ క్షణకాలము ఆలోచించి, "అయ్యా! పని ముగియకున్నను సరే. మొత్తము ఎన్ని చదరపు గజముల రాయి పట్టునో తెలిసినగాని బేరము కుదురదు" అనెను.

బాలలారా, ఈ మేస్త్రీ యడిగిన ప్రశ్న చిన్నది కాదు. యూరపుఖండములోని గణితవేత్తలు దీనికి సరియైన జవాబు కనుగొనుటకు ఎనుబదియైదు సంవత్సరములు పట్టినది. ఆ కథను చెప్పుటకు ముందు, ముగింపులేని కూడికకు మొత్తము ఉండుట ఎట్లో తెలిసికొనవలెను.

మొదట ముగింపుగల లెక్క నొకదానిని చూతము. తెలుగున తొలి గణితగ్రంథము వ్రాసినవాడుగా పావులూరి మల్లనను చెప్పుదురు. క్రీస్తుశకము తొమ్మిదవ శతాబ్దమున మహావీరాచార్యుడు సంస్కృతమున రచించిన గణితసారసంగ్రహమును ఆయన తెనిగించెను. చదరంగపు పలకలో 64 గళ్లున్నవి కదా! మొదటి గడిలో 1, రెండవదానిలో 2, మూడవదానిలో 4, ఇట్లు రెట్టింపు చేయుచు పోయినచో మొత్తమెంత? ఈ సంకలితమును చెప్పు పద్యమొకటి మల్లన పేర ప్రసిద్ధము. అందు అంకెలకు బదులు పదములున్నవి: శరములనగా 5, చంద్రుడనగా 1, వేదములనగా 4. ఒకట్ల స్థానమునుండి మొదలిడి ఆ పదములను అంకెలుగా మార్చినచో 1,84,46,74,40,73,70,95,51,615 అను ఇరువది అంకెల సంఖ్య వచ్చును. ఇంత పెద్ద సంఖ్యను ఒక్క వృత్తపద్యములో తప్పులేకుండ బిగించుట సామాన్యమైన పని కాదు.

రెట్టింపు చేయుటకు బదులు సగము చేయుచు పోయిన నేమగును? రెండు గజముల కఱ్ఱను తీసికొనుడు. ఒక గజము కోయుడు. ఒక గజము మిగులును. అందు సగము కోయుడు, అరగజము మిగులును. మరల అందు సగము కోయుడు, పావుగజము మిగులును. ఎన్నిమారులు కోసినను, మిగిలినది చివర కోసిన ముక్కతో సమానముగనే యుండును. కాని అది నానాటికి సన్నగిల్లుచుండును. 1 + 1/2 + 1/4 + 1/8 + … అను కూడిక ఎప్పుడును 2ను దాటదు. కాని 2నకు మనము కోరినంత దగ్గరకు పోవును. కావున ఈ అనంతశ్రేఢి మొత్తము 2 అని చెప్పుదుము. ముగింపులేని కూడికకు "మొత్తము" అను మాట కర్థమింతే: ఆ కూడిక దేనికి కోరినంత దగ్గరగా పోయి అక్కడనే నిలుచునో, ఆ సంఖ్య.

పదములు చిన్నవగుచున్నవి గనుక మొత్తము పరిమితమై తీరునని మీరు తొందరపడి అనుకొనవలదు. మన బండలే దీనిని రుజువు చేయగలవు. వానిని ఇంటి గుమ్మమునుండి ఒకదాని ప్రక్క నొకటిగా, మేడ్చలువైపు వరుసగా పేర్చినచో, ఆ వరుస పొడవు 1 + 1/2 + 1/3 + 1/4 + … గజములగును. మూడవ, నాలుగవ బండల పొడవులను కూడుడు: 1/3, 1/4లలో ఏదియు 1/4నకు తక్కువ కాదు, కావున రెండును కలిసి అరగజమును మించును. 5 మొదలు 8 వఱకు నాలుగు బండలు. ఏదియు 1/8నకు తక్కువ కాదు. అవియు కలిసి అరగజమును మించును. 9 మొదలు 16 వఱకు ఎనిమిది బండలు మరియొక అరగజము. ఇట్లు అరగజముల మీద అరగజములు అంతులేకుండ చేరుచుండుటచే వరుస మేడ్చలు చేరును, మేడ్చలును దాటిపోవును. ఈ యుక్తిని పదునాలుగవ శతాబ్దమున నికోల్ ఒరెస్మ్ అను ఫ్రెంచి పండితుడు చెప్పెను.

చేరును గాని, ఎంత మెల్లగా! వరుస పది గజములు దాటుటకే 12,367 బండలు కావలెను. నూఱు గజములు దాటుటకు కావలసిన బండల సంఖ్యలో నలుబదినాలుగు అంకెలుండును. దాని ముందు మల్లనగారి చదరంగపు సంఖ్య ఒక పిడికెడు గింజల వంటిది. మేడ్చలు సంగతి మన మేస్త్రీకి చెప్పకుండుటయే మేలు.

ఇప్పుడు ఆ బండలనే మరియొక విధముగా అమర్చుదము. రెండు గజముల పొడవు, ఒక గజము వెడల్పు గల అరుగు నొకదానిని తీసికొనుడు. మొదటిబండ ఒక గజము పొడవును పూర్తిగా నింపును. దాని ప్రక్కన అరగజము మేర పట్టీలో రెండవబండను, దానిపై మూడవబండను నిలుపుడు, రెండును ఇమిడిపోవును. తరువాత పావుగజము మేర పట్టీలో 4, 5, 6, 7వ బండలు నాలుగును ఒకదానిపై నొకటి ఇముడును. తరువాతి అరపావు మేర పట్టీలో 8 మొదలు 15 వఱకు ఎనిమిది బండలు ఇముడును. పట్టీల వెడల్పులను కూడినచో 1 + 1/2 + 1/4 + 1/8 + …, అనగా కఱ్ఱ లెక్కలో మనము చూచిన రెండు గజములే. చూచితిరా! వరుసగా పేర్చిన మేడ్చలు దాటిపోవు బండలు, ఒద్దికగా పేర్చిన ఒక్క అరుగుమీద ఇమిడినవి.

కావున 1 + 1/4 + 1/9 + 1/16 + 1/25 + … అను వర్గముల శ్రేఢికి మొత్తము కలదు; అది 2ను మించదు. పట్టీలలో అక్కడక్కడ ఖాళీలు మిగులుచున్నవి గనుక 2నకు తక్కువయే. మేస్త్రీకి "రెండు చదరపు గజములకు లోపల" అని చెప్పవచ్చును. కాని ఎంత లోపల? ఒక సంఖ్య ఉన్నదని తెలియుట వేఱు; అది ఏదో తెలియుట వేఱు. మన కథ అంతయు ఈ రెంటి నడుమ జరిగినదే.

1650లో ఇటలీ దేశమున బొలోన్యా నగరవాసియైన పియెట్రో మెంగోలి ఈ ప్రశ్నను మొదట లేవనెత్తెను. జవాబు ఆయనకు దొరకలేదు. 1689లో స్విట్జర్లాండునందలి బాసెల్ నగరమున గణితాచార్యుడైన యాకోబ్ బెర్నూలీ, అనంతశ్రేఢులనుగూర్చి వ్రాసిన గ్రంథములో, మొత్తము 2నకు లోపలనే యున్నదని చూపి, అదేమో తనకు చిక్కలేదని ఒప్పుకొని, ఎవరైన కనుగొని తెలిపినచో కృతజ్ఞుడనై యుందునని ప్రకటించెను. అప్పటికే గొప్ప పేరుగల ఆచార్యుడు తన యోటమిని అచ్చువేసి లోకమునకు చెప్పుకొనుట విశేషమే. అది మొదలు ఈ ప్రశ్నకు బాసెల్ సమస్య యను పేరు నిలిచినది. యాకోబు తమ్ముడు యోహానును గొప్ప గణితవేత్తయే. అన్నదమ్ములకు పోటీలును కలహములును మెండు. ఇద్దఱును ఈ సమస్యతో పెనుగులాడిరి. ఇద్దఱును గెలువలేదు. 1705లో జవాబు వినకుండగనే యాకోబు మరణించెను.

మరి రెండేండ్లకు, 1707లో, అదే బాసెల్ నగరమున లియొనార్డ్ ఆయిలరు జన్మించెను. చిన్ననాట యోహాన్ బెర్నూలీయొద్దనే గణితము నేర్చి, 1727లో రష్యాలోని సెంట్ పీటర్సుబర్గు విజ్ఞానపరిషత్తునకు పోయెను. ఆయన మొదట చేసిన పని, జవాబు సుమారుగా ఎంతయో చూచుట.

అది తేలిక యని మీరనుకొందురేమో! పలకమీద ప్రయత్నించి చూడుడు. పది పదములు కూడిన 1.549768 వచ్చును. నూఱు కూడిన 1.634984. వేయి కూడిన 1.643935. వేయి పదములు కూడిన పిమ్మటకూడ మూడవ దశాంశస్థానము కుదుటపడలేదు! ఎన్ని పదములు కూడితిమో, ఇంచుమించు ఆ సంఖ్యలో ఒక వంతు ఇంకను మిగిలియుండుటయే దీనికి కారణము. ఈ చొప్పున ఆఱు దశాంశస్థానములు పొందుటకు పదిలక్షల పదములు కూడవలెను. ఆయిలరు అట్లు కూర్చుండి కూడలేదు. ఈ శ్రేఢిని వేగముగా తగ్గిపోవు వేఱొక శ్రేఢిగా మార్చు ఉపాయమును కనిపెట్టి, 1731 నాటికి 1.644934 అను విలువను సాధించెను. ఇది ఏ భిన్నమునకు, ఏ వర్గమూలమునకు సంబంధించినదో ఎవరికిని తోచలేదు.

1735లో, తన ఇరువదియెనిమిదవ యేట, ఆయిలరు పరిషత్తులో జవాబు ప్రకటించెను. వృత్తపరిధిని వ్యాసముచే భాగించిన వచ్చు "పై" అను సంఖ్యను మీరెఱుగుదురు. ఆ పైని పైచే హెచ్చించి, 6చే భాగించుడు: అదియే మొత్తము. చదరపు బండల లెక్కలో వృత్తమెక్కడినుండి వచ్చినది? ఆ దారి చూడదగినది. మీరు నేర్చిన బీజగణితమే దానికి చాలును.

మొదట ఒక చిన్న నియమము. తెలియని రాశిని "య" అందము. (1 − య/2)(1 − య/3) అను గుణకారము చేసినచో 1 − (5/6)య + (1/6)య² వచ్చును. ఈ రాశి య = 2 అయినప్పుడును, య = 3 అయినప్పుడును సున్న యగును. యకు ముందున్న 5/6 ఎక్కడిది? 1/2 + 1/3. అనగా, 1తో మొదలగు ఇట్టి రాశి ఏయే విలువలవద్ద సున్న యగునో, వాని విలోమముల మొత్తమే యకు గుణకము. గుర్తు మాత్రము ఋణము. మూడు విలువలున్నను, ముప్పదియున్నను ఈ నియమము తప్పదు.

ఇక వృత్తము. ఒక గజము వ్యాసార్ధముగల బండిచక్రపు అంచున, ఇరుసుతో సమమైన ఎత్తున ఒక మేకు కొట్టితిమనుకొనుడు. చక్రమును ఉన్నచోటనే త్రిప్పినచో మేకు పైకి లేచి, మరల దిగి, సగము చుట్టు తిరుగునప్పటికి ఇరుసు మట్టమునకు వచ్చును. అప్పటికి అది అంచువెంబడి నడచిన దూరము సరిగా పై గజములు. తరువాత క్రిందికి పోయి, 2పై వద్ద మరల మట్టమునకు వచ్చును. 3పై వద్ద మరల. అంచువెంబడి నడచిన దూరమును "చ" అందము, చాపము కదా! ఇరుసు మట్టమునుండి మేకు ఎత్తును మన పూర్వులు జ్య యనిరి. ఇప్పుడు సైను అందురు. దాని విలువ ఒక అనంతశ్రేఢి:

చ − చ³/6 + చ⁵/120 − …

ఇందు 6 అనగా 1×2×3. 120 అనగా 1×2×3×4×5. తరువాతి పదములు ఈ తీరుననే నడచును. ఈ శ్రేఢి యూరపులో న్యూటను కాలమున తెలిసినది. కాని అంతకు రెండువందల యేండ్లకు పైబడి పూర్వమే కేరళదేశమున సంగమగ్రామ మాధవుడు దీనిని కనుగొనెను. పదునాఱవ శతాబ్దమున జ్యేష్ఠదేవుడు యుక్తిభాష యను గ్రంథమున దీని యుపపత్తిని మలయాళభాషలో వ్రాసెను. మల్లన తెలుగున గణితము చెప్పినట్లే, ఆయనయు తన ఊరివారి మాటలో గణితము చెప్పెను. ఈ సంగతి ఆయిలరు ఎఱుగడు.

ఇప్పుడు పై శ్రేఢిని చచే భాగించి, చ²కు బదులు య వ్రాయుడు:

1 − య/6 + య²/120 − …

మేకు ఇరుసు మట్టమునకు వచ్చినపుడెల్ల ఇది సున్న. అనగా చ = పై, 2పై, 3పై, …; య = పై², 4పై², 9పై², …. ఇచ్చట యకు గుణకము 1/6. మన చిన్న నియమము ప్రకారము, సున్నయగు విలువల విలోమముల మొత్తము 1/6 కావలెను:

1/పై² + 1/(4పై²) + 1/(9పై²) + … = 1/6

రెండు ప్రక్కలను పై²చే హెచ్చించుడు. ఎడమవైపు మన బండలే మిగిలినవి: 1 + 1/4 + 1/9 + … = పై²/6. పై² విలువ 9.869604, దానిని 6చే భాగించిన 1.644934. నాలుగేండ్ల క్రిందట ఆయిలరు శ్రమించి సాధించిన సంఖ్యయే, ఒక్క అంకెయు తేడా లేకుండ, ఎదుట నిలిచినది!

ఇక్కడ కథ ముగిసినదని చెప్పుటకు లేదు. మన నియమమును మరల చదువుడు. దానిని మనము కొన్ని పదములే గల రాశులకు రుజువు చేసితిమి. ఆయిలరు దానిని పదములకు అంతులేని రాశికి వాడెను. అది చెల్లునని ఎవరు చెప్పిరి? అట్టి రాశిని, ఎన్నడును సున్న కాని మరియొక రాశితో హెచ్చించినచో, సున్నయగు చోట్లు మాఱవు. యకు గుణకము మాత్రము మాఱవచ్చును. అప్పుడు నియమము బోల్తాపడును. మనకు కనబడని వేఱు విలువలవద్దకూడ శ్రేఢి సున్న కావచ్చునేమో యను సందేహమును ఉన్నది. బెర్నూలీ కుటుంబమువారే ఇట్టి యాక్షేపణలను జాబులలో వ్రాసిరి. అవి అసూయచే పుట్టినవి కావు, న్యాయమైన ఆక్షేపణలు.

ఆయిలరు వానిని తోసిపుచ్చలేదు. తన పద్ధతిలోని పగులు ఆయనకును తెలియును. జవాబు మాత్రము నిజమని ఆయన నమ్మెను. నమ్ముటకు ఆధారములున్నవి: కూడిక విలువతో సరిపోవుట యొకటి; ఇదే పద్ధతిచే 1 − 1/3 + 1/5 − 1/7 + … = పై/4 అను, అదివఱకే వేఱుదారిని రుజువైన ఫలితము సరిగా వచ్చుట మరియొకటి. అయినను నమ్మకము రుజువు కాదని యెఱిగి, ఆయన కొన్నేండ్లు ఆ సమస్యను విడువక, ఆక్షేపణకు తావులేని వేఱొక రుజువును 1743లో ప్రకటించెను. ఆయన మొదటి సాహసమునకు గట్టి పునాది పంతొమ్మిదవ శతాబ్దమున జర్మను గణితవేత్త వయర్‌ష్ట్రాసు వలన ఏర్పడినది. గుణకారముగా విడదీయుట ఎప్పుడు చెల్లునో, ఎప్పుడు చెల్లదో ఆయన తేల్చెను. చక్రపు మేకు విషయమున అది చక్కగా చెల్లును.

బాసెలులో వృద్ధుడైన యోహాన్ బెర్నూలీకి శిష్యుని వార్త అందినది. జవాబు తెలిసిన పిమ్మట ఆయనయు ఒక రుజువు వ్రాసెను. ఆ సందర్భమున, ముప్పదియేండ్ల క్రిందట పోయిన అన్నను తలచుకొని, నేడు ఆయన బ్రదికియుండిన ఎంత బాగుండెడిదని వ్రాసికొనెను. బ్రదికియున్నంత కాలము అన్నతో వాదులాడిన తమ్ముడాయన!

ఇక మన మేస్త్రీ. ఆయనకు 1.645 చదరపు గజములకు రవ్వంత తక్కువ రాయి చాలునని నిస్సంశయముగా చెప్పవచ్చును; అరుగుమీద ఇంచుమించు 0.355 చదరపు గజము ఖాళీ మిగులును. కాని గృహస్థునకు ఆశ పెరిగినది. బండలకు బదులు అన్ని ప్రక్కల సమానమైన ఘనాకారపు రాళ్లు చెక్కుమనెను. భుజములు మునుపటివలెనే ఒక గజము, అరగజము, మూడవవంతు, నాలుగవవంతు. అప్పుడు కావలసిన రాయి 1 + 1/8 + 1/27 + 1/64 + … ఘనగజములు. ఆయిలరు వర్గములకే గాక నాలుగవ ఘాతములకు పై⁴/90 అనియు, ఆఱవ, ఎనిమిదవ మొదలగు సరిఘాతముల కన్నిటికి పైతో కూడిన విలువలనియు కనుగొనెను. మూడవ ఘాతమువద్ద మాత్రము ఆయనయు ఆగిపోయెను. 1978లో, అఱువదియొకటవ యేట, రొజే అపేరీ యను ఫ్రెంచి గణితవేత్త ఆ మొత్తము భిన్నరూపమున వ్రాయశక్యము కాదని రుజువు చేసి పండితులను ఆశ్చర్యపఱచెను. అంతకుమించి, పై²/6 వంటి చక్కని రూపము దానికి ఉన్నదా లేదా యనునది ఎవరును తేల్చలేదు. మేస్త్రీ ప్రస్తుతము 1.2020569 అని వ్రాసికొని, ప్రక్కన కొంత చోటు విడిచి యుంచవలెను.